ముప్పై మార్కుల ఇండియన్ సొసైటీ: తిరుపతిలో నేను చేరిన కోచింగ్ క్లాసు మీద రివ్యూ

గ్రూప్-2కి చదివేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఇండియన్ సొసైటీకి కూడా కోచింగ్ కావాలా? కుటుంబం, పెళ్ళి, కులం, మతం... దీంట్లో కొత్తగా చదివేదేముంది? మనం పుట్టి పెరిగిందే దాంట్లో కదా!" 2023 డిసెంబరు నోటిఫికేషన్‌తో ఏపీపీఎస్సీ ప్రిలిమ్స్ సిలబస్ మారింది. మొత్తం 150 మార్కులు. చరిత్ర, జాగ్రఫీ, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీకి ఎన్ని మార్కులో భారతీయ సమాజానికీ అన్నే, 30. తప్పు పెడితే మూడో వంతు కోత. తెలిసిన విషయమేలే అని ధీమాగా బబుల్ దిద్ది మార్కులు పోగొట్టుకునే సబ్జెక్టు ఏదైనా ఉందంటే అది ఇదే.

నేను తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఎక్కువగా నైట్ డ్యూటీ. సొంతూరు పాకాల పక్కన. బాలాజీ కాలనీ వైపు ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు ఈ ఒక్క సబ్జెక్టుకే వారాంతపు బ్యాచ్ పెట్టారంటే చేరాను. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున క్లాసులు. ఫీజు 6,500. మెటీరియల్‌కి ఇంకో 800. సెంటర్ పేరు మాత్రం రాయను. పొగడాల్సింది ఎంత ఉందో తిట్టాల్సిందీ అంతే ఉంది, ఊళ్ళో ఉంటూ లేనిపోని తగాదా నాకెందుకు. బాలాజీ కాలనీలో స్టడీ హాళ్ళ దగ్గర టీ తాగేవాళ్ళని "సొసైటీ మేడమ్ యాడ చెప్తారు?" అని అడగండి, చెప్తారు.

ముందు మేడమ్ గురించే రాయాలి, ఎందుకంటే 6,500లో ఆరు వేలు ఆమెకే. డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మైకు పెట్టుకోరు, బోర్డు మీద తక్కువ రాస్తారు, నోట్సు అసలు చెప్పరు. నోట్సు చెప్పకపోతే ఇదేం కోచింగ్ అని మొదటి వారమే కొందరు ఆఫీసులో గొడవ పెట్టారు. వాళ్ళ కష్టం నాకూ అర్థమవుతుంది.

మొదటి క్లాసులో ఆమె అడిగింది ఇది. "ఉమ్మడి కుటుంబాలు తగ్గిపోయాయా?" హాలంతా ఒక్క గొంతుతో అవునంది. "మీ వీధిలో మీ తాతల కాలంలో ఎన్ని ఉండేవి? ఇప్పుడెన్ని ఉన్నాయి?" ఎవరూ నోరెత్తలేదు. అప్పుడు గుజరాత్‌లో ఎ.ఎం. షా అనే సమాజశాస్త్రవేత్త చేసిన పని చెప్పారు. ఒక ఊరికి 1825లో రాసిన జనాభా లెక్కల కాగితాలు ఆయనకి దొరికాయి. ఇంటింటికీ లెక్క తీసి చూస్తే, అందరూ పెద్ద పెద్ద కుటుంబాలుగా బతికారనుకునే ఆ కాలంలో కూడా చిన్న ఇళ్ళే ఎక్కువ తేలాయి. అంటే మనం పోయిందని బాధపడేది అసలు అంతగా ఉందో లేదో ముందు చూడాలన్నమాట. ఆ గుజరాత్‌లోనే ఐ.పి. దేశాయి మహువా అనే పట్నంలో ఇంకో కోణంలో చూశాడు. పొయ్యి వేరైనంత మాత్రాన కుటుంబం వేరైనట్టేనా? ఆస్తి, అప్పు, పెళ్ళీ చావూ ఖర్చు ఎవరెవరు పంచుకుంటున్నారో చూడమన్నాడు.

ఆ లెక్కన మా ఇల్లు తీసుకోండి. అన్న బెంగళూరులో, నేను తిరుపతిలో, నాయన ఊళ్ళో. మూడు పొయ్యిలు. మామిడి తోట పాస్‌బుక్కు మాత్రం ఒక్కటే, నాయన పేరు మీద. జూన్‌లో కాయ కోతకొచ్చిందంటే ఫ్యాక్టరీ వాళ్ళు ఏం రేటిస్తున్నారని ముగ్గురం రోజూ ఫోన్లో కొట్లాడుకుంటాం. సెన్సస్ వాళ్ళొస్తే మూడు కుటుంబాలని రాసుకుంటారు. మా అమ్మనడిగితే ఒకటే అంటుంది. పరీక్షలో దీని మీద ఒక బిట్టు వస్తే రావచ్చు, రాకపోతే లేదు. కానీ "అందరికీ తెలిసిందే కదా" అనే మాట ఆ హాల్లో మళ్ళీ ఎవరి నోటా వినపడలేదు.

సమాజశాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఒకడైన డర్క్‌హైమ్‌ని కూడా ఈ దారిలోనే తెచ్చారు. మనిషి ప్రాణం తీసుకోవడం అంత సొంత విషయం ఇంకోటి ఉండదనుకుంటాం. ఆ ఫ్రెంచాయన 1897లో దేశాలవారీ లెక్కలు ముందేసుకుని, ఏ దేశం రేటు ఆ దేశంలో ఏటా ఇంచుమించు అంతే ఉంటోందనీ, క్యాథలిక్కుల్లో కంటే ప్రొటెస్టంట్లలో ఎక్కువనీ, పెళ్ళయినవాళ్ళలో కంటే కానివాళ్ళలో ఎక్కువనీ చూపించాడు. ఒక్కొక్కరి కష్టం ఒక్కొక్కరిదే అయినా, రేటు మాత్రం ఆ సమూహం మనిషిని ఎంత గట్టిగా పట్టుకుందో చెబుతుందని ఆయన వాదన. ఆ లెక్కల్ని తర్వాతివాళ్ళు చాలా తప్పుపట్టారు, అది కూడా దాచకుండా చెప్పారు మేడమ్. మార్క్స్ ఒక్క క్లాసులో అయిపోయాడు, నాకు పెద్దగా ఎక్కలేదు.

జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ మాత్రం బాగా ఎక్కాడు, ఎందుకంటే ఆమె వెబర్‌ని క్యూలో నిలబెట్టారు. సమాజంలో హెచ్చుతగ్గులన్నీ డబ్బుతోనే రావు. ఆస్తి ఒక లెక్క, గౌరవం ఇంకో లెక్క, అధికారం మూడో లెక్క అన్నది వెబర్ చెప్పిన ముక్క. "కొండమీద చూడండి" అన్నారామె. మూడు వందల టికెట్, శ్రీవాణి ట్రస్టుకి పదివేలు ఇచ్చి ఇంకో ఐదు వందలు పెట్టి తీసుకునే టికెట్, ఇవి జేబుని బట్టి. ప్రజాప్రతినిధి సిఫారసు లేఖతో బ్రేక్ దర్శనం, అది పలుకుబడిని బట్టి. పీఠాధిపతి వస్తే మర్యాదలతో స్వాగతం, దానికి డబ్బూ అక్కర్లేదు, లేఖా అక్కర్లేదు. అన్నీ ఒకే గర్భగుడికి పోయే దారులే, కానీ ఒకదాని చెక్కు ఇంకోదాంట్లో చెల్లదు. వెనక నుంచి ఎవరో "మరి అలిపిరి నుంచి నడిచెక్కేవాళ్ళు మేడమ్?" అన్నారు. "వాళ్ళని వెబర్ చూసుంటే ఇంకో పుస్తకం రాసేవాడు" అన్నారు నవ్వుతూ. రోజూ రాత్రి కౌంటర్ ముందు నిలబడి "ఎమ్మెల్యే లెటర్ ఏమైనా దొరుకుతుందా సార్" అని నన్నడిగే యాత్రికుల్ని చూసేవాణ్ణి కాబట్టి నాకు ఆ మూడు లెక్కలూ ఇక మర్చిపోయే ప్రశ్నే లేదు.

ఈ కోర్సులో డబ్బులు రాబట్టేది హోంవర్కు. బిట్లు కాదు, చూసి రాసుకురావాలి. మొదటి పని: మీరు పనిచేసే చోట ఒక గంట కూర్చోండి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో రాయండి. మీ అభిప్రాయం రాయొద్దు, విన్నది మాత్రం రాయండి.

నేను ఆదివారం సాయంత్రం లాడ్జిలో రాశాను. మా ఓనర్ని అందరూ "అన్నా" అంటారు, వయసులో ఆయనకంటే పెద్దవాడైన వాచ్‌మన్‌తో సహా. ఓనర్ నన్ను పేరు పెట్టి పిలుస్తాడు, యాత్రికుల ముందు మాత్రం "మేనేజర్ గారు" అంటాడు. వంటాయన "స్వామి". రూమ్ బాయ్‌లని అందరూ "రేయ్". గదులు ఊడ్చే ఆమెకి అరవై దాటుంటాయి. ఆమెని ఓనర్, నేను, ఇరవై ఏళ్ళ రూమ్ బాయ్, ముగ్గురం "మే" అనే అంటాం. ఆమె మా ముగ్గుర్నీ, ఆ పిల్లోడితో సహా, "సామీ" అంటుంది. మూడు పేజీలు నింపి ఇచ్చాను.

మేడమ్ ఎర్ర పెన్నుతో కింద ఒక్క వాక్యం రాశారు: "ఓనర్ లేని రోజు ఇదే గంట మళ్ళీ రాయి." మంగళవారం రాశాను. వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నాడు. ఊడ్చే ఆమె మెట్ల మీద కూర్చుని రూమ్ బాయ్‌ని "ఒరే నాయనా, టీ చెప్పురా" అంది. వాడు "తెస్తాలే అవ్వా" అన్నాడు. రెండు రోజుల్లో మనుషులు మారలేదు, ఓనర్ బండి వాకిట్లో లేదు, అంతే తేడా. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి క్లాసులో చదివించారు. ఆ తర్వాత గోఫ్‌మన్ అనే సమాజశాస్త్రవేత్త గురించి చెప్పారు. స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవుల్లో ఒక చిన్న హోటల్లో ఈయన కూర్చుని, భోజనాల గదిలో వడ్డించేవాళ్ళు ఎలా ఉంటారు, తలుపు తోసుకుని వంటింట్లోకి పోగానే ఎలా మారిపోతారు అని గమనించాడట. మనుషులు ఎదుటివాళ్ళ ముందు ఒక పాత్ర కడతారనీ, ఆ వేషం విప్పే తెరవెనక చోటు ఒకటి ఎప్పుడూ ఉంటుందనీ ఆయన సిద్ధాంతంలో పెద్ద భాగం అక్కడిదే. ఇంత పేరున్న శాస్త్రం ఒక లాడ్జి వంటింటి తలుపు దగ్గర పుట్టిందంటే నాకు ఎక్కడలేని సంతోషమేసింది. ఇంటికి పోయి మా ఆవిడకి చెబితే "నువ్వు గూడా రోజూ ఆడనే ఉండావు, ఏం కనిపెట్టినావు?" అంది.

కులం మీద నాలుగు క్లాసులు. ఆమె మొదటే ఒక షరతు పెట్టారు: క్లాసులో ఎవరూ సొంత కులం పేరు చెప్పకూడదు, ఊళ్ళో కులాలకి అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెట్టుకోండి. (రెండో వారానికల్లా ఎవరు 'అ'నో ఎవరు 'ఈ'నో అందరూ లెక్కేసుకున్నారనుకోండి. అది కూడా సమాజశాస్త్రమే.) 1916లో కొలంబియా యూనివర్సిటీ సెమినార్లో పాతికేళ్ళ అంబేడ్కర్ చదివిన పత్రంతో మొదలుపెట్టారు. కులానికి ప్రాణం ఎక్కడుందంటే అంటూసొంటూలో కాదు, పెళ్ళిని లోపలే బిగించుకోవడంలో ఉంది అన్నాడాయన. అలా బిగించాలంటే మొగుడు చచ్చిన ఆడమనిషిని, పెళ్ళాం చచ్చిన మగమనిషిని ఏం చేయాలన్నది సమస్య అవుతుంది. సతి, వైధవ్యం, బాల్యవివాహం ఆ సమస్యకి వెతుక్కున్న దారులే అన్నాడు. హాల్లో ఆడపిల్లలు రాసుకోవడం ఆపేసి వినడం నేను చూసింది ఆ రోజే.

తర్వాత ఎం.ఎన్. శ్రీనివాస్. మనకి పొరుగునే ఉన్న మైసూరు దగ్గర ఒక ఊళ్ళో 1948లో ఉండి చూసి రాసినాయన. ఊరి మీద పెత్తనం చేసే కులం అందరికంటే 'పై' కులమే కానక్కర్లేదు. జనం, భూమి, పంచాయతీలో మాట, చదువులూ ఉద్యోగాలూ ఎక్కడ పోగుపడితే అదే ప్రాబల్య కులం అని ఆయన లెక్క. ఓటు బ్యాంకు అనే మాట వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే అంటారు. 1970లో ఆయన అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ఆఫీసుకి నిప్పంటించారు, ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు మొత్తం కాలిపోయింది. ఆయన ఆ ఊరి గురించి జ్ఞాపకంతోనే పుస్తకం రాశాడు. మేడమ్ ఈ కథ చెప్పేది నోట్సు అడిగేవాళ్ళని దెప్పడానికని నా అనుమానం. మన తెలుగు ఊరు కూడా ఈ లోకంలోకి ఎక్కింది: హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే 1955లో పుస్తకం తెచ్చాడు.

సామాజిక మార్పు అనే చాప్టర్‌లో సగం గొప్పగా ఉంది, సగం దండగ. దండగ సగం సిద్ధాంతాల జాబితా: పరిణామ సిద్ధాంతం, చక్రీయ సిద్ధాంతం, సంఘర్షణ సిద్ధాంతం, ఒక్కోదానికి ఇద్దరేసి పేర్లు, తేదీలు, అయిపోయింది. ఆమెకే ఇష్టం లేనట్టు చెప్పారు. గొప్ప సగం మాత్రం పలమనేరు వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడి వల్ల వచ్చింది. వాళ్ళ ఊళ్ళో టీ బంకు దగ్గర ఒకప్పుడు కొందరికి విడిగా గ్లాసులుండేవట, గూటిలో బోర్లించి ఉండేవి, తాగినవాళ్ళే కడిగి పెట్టాలి. "ఇప్పుడదేం లేదు మేడమ్, అందరికీ పేపర్ కప్పే. మారిపోయింది" అన్నాడు.

మేడమ్ వెంటనే ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. "కప్పు మారింది. ఎందుకు మార్చాడు?" అన్నారు. కేసు భయం అన్నారొకరు. కడిగే మనిషి దొరక్క అన్నారింకొకరు. కరోనా తర్వాత అన్నారు వేరేవాళ్ళు. "సరే, టీ తాగేప్పుడు బెంచీ మీద ఎవరు కూర్చుంటారు? ఎవరు కప్పు తీసుకుని రోడ్డవతలికి పోయి తాగుతారు? ఈ వారం చూసి రా." వాడు పోయి చూసొచ్చాడు. బెంచీ దగ్గర పడుచువాళ్ళు అందరూ కలిసే కూర్చుంటున్నారు. ముసలివాళ్ళు మాత్రం, ఎవరూ లేవమనకపోయినా, కప్పు పట్టుకుని చింతచెట్టు కిందికి పోతున్నారు. బంకాయన వాళ్ళకి టీ ఇచ్చేప్పుడు కప్పు చేతికివ్వకుండా పలక మీద పెడుతున్నాడు. పడుచువాళ్ళకి చేతికే ఇస్తున్నాడు.

ఆ గంటన్నర మేడమ్ ఒక్క సిద్ధాంతం పేరు కూడా ఎత్తలేదు. చివర్లో మాత్రం అమెరికా సమాజశాస్త్రవేత్త ఆగ్‌బర్న్ 1922లో చెప్పింది ఒక ముక్క చెప్పారు: వస్తువులు ముందు మారతాయి, అలవాట్లు వాటి వెనక ఈడ్చుకుంటూ వస్తాయి, ఈ మధ్య ఎడం (దాన్నే కల్చరల్ లాగ్ అంటారు) ఉన్నంతకాలం ఘర్షణ ఉంటుంది. "కానీ మీ ఊళ్ళో ముసలివాళ్ళకొకటి, పడుచువాళ్ళకొకటి నడుస్తోంది. ఆగ్‌బర్న్‌కి ఇది చాలదు. ఏం చాలదో ఆలోచించండి" అని వదిలేశారు. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. గుర్తుంచుకోండి, ఇదంతా చేసి పరీక్షలో వచ్చేది "కల్చరల్ లాగ్ అన్నది ఎవరు?" అనే ఒక్క బిట్టు.

మే నెలలో గంగమ్మ జాతర వారం హాలు సగం ఖాళీ. ఆమె క్లాసు ఎత్తేసి, గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంటకి పోయి చూసి రమ్మన్నారు. బైరాగి వేషానికి నామకొమ్ము (తెల్లమట్టి), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు, చీర కట్టి జడేసుకుని మొక్కు తీర్చుకునే మగవాళ్ళు, నోటికొచ్చిన బూతులు. తిరుపతిలో పుట్టినవాళ్ళకి ఇది వింతేం కాదు, కానీ అమెరికాలో మతాల అధ్యయనం చెప్పే ప్రొఫెసర్ జాయిస్ ఫ్లూకిగర్ ఏళ్ళ తరబడి వచ్చి దీని మీద ఒక పుస్తకమే రాసింది. తర్వాత వారం క్లాసులో రెండు వాదాలు పెట్టారు. ఒకటి డర్క్‌హైమ్‌ది: గుంపుగా కలిసి ఊగిపోయేప్పుడు జనం తమ సమూహాన్నే కొత్తగా అనుభవిస్తారు. రెండోది మాక్స్ గ్లక్‌మన్ అనే మానవశాస్త్రవేత్తది: ఏడాదికోసారి అంతా తల్లకిందులు చేయనిస్తే మిగతా రోజుల్లో పెద్దల పెత్తనం ఇంకా గట్టిపడుతుంది. రెండోది వినడానికి తెలివిగా ఉంది, నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. మా కొర్లగుంట స్నేహితుడు వాళ్ళమ్మ మొక్కు కోసం ఏటా ఆడవేషం కడతాడు. తిరుగుబాటు అంటే వాడికి నవ్వొస్తుంది. వాడి భార్య అనేది ఏంటంటే, "ఆ ఒక్క రోజే మా ఆయనకి చీర కుచ్చెళ్ళు ఎంత కష్టమో తెలిసొస్తుంది, రెండు రోజులు నోరెత్తడు." ఇది ఏ సిద్ధాంతం కిందికొస్తుందో మేడమ్‌కే తెలియాలి.

ఇక తిట్లు.

మెటీరియల్ కొనకండి. ఎనిమిది వందలకి స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్సు కట్ట, అది కూడా మేడమ్ రాసింది కాదు. ప్రాథమిక సమూహం (ఇల్లు, స్నేహితుల్లాంటి దగ్గరి గుంపు) అనే భావన సమ్నర్‌ది అని అచ్చేశారు. అది చార్లెస్ కూలీది, 1909. సమ్నర్ చెప్పింది 'మనవాళ్ళు, పరాయివాళ్ళు' అనే విభజన, 1906లో. మాక్ టెస్ట్ కీ కూడా ఈ కట్టనే చూసి తయారు చేశారు కాబట్టి సరిగ్గా రాసినవాళ్ళకి మార్కు పోయింది, పైగా కోత. ఆఫీసులో చూపిస్తే "నెక్స్ట్ ఎడిషన్‌లో మారుస్తాం సార్" అన్నారు. ఈ బ్యాచ్ వాళ్ళ సంగతేంటయ్యా అంటే జవాబు లేదు.

బ్యాచ్‌కి నలభై మంది అని చెప్పి చేర్చుకున్నారు. నెల తిరక్కుండానే ఇంకో బ్యాచ్‌ని తెచ్చి కలిపారు. మైకు లేని మేడమ్, వెనక వరుసలకి మాట అందదు, ఒకటే ఏసీ పనిచేస్తుంది. తిరుపతి ఏప్రిల్ ఎండకి ఆ రెండో అంతస్తు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. బాత్రూమ్ కోసం కింద మొబైల్ షాపు వాళ్ళని బతిమాలుకోవాలి, ఆడపిల్లలకి ఇది ఎంత ఇబ్బందో యాజమాన్యానికి పట్టదు.

స్త్రీలు అనే చాప్టర్ మేడమ్ చెప్పలేదు. ఆమె ఊళ్ళో లేని వారం ఇంకో సార్ వచ్చి చట్టాలూ సంవత్సరాలూ చదివేశారు: వరకట్న నిషేధం 1961, గృహహింస 2005, పోక్సో 2012. బ్యాచ్‌లో ఉన్న అంగన్‌వాడీ టీచరక్క లేచి "సార్, కేసు పెట్టిన ఆడమనిషి ఆ రాత్రి యాడికి పోవాల?" అనడిగింది. "అది సిలబస్‌లో లేదమ్మా" అన్నారాయన. హాల్లో ఎవరూ నవ్వలేదు. మేడమ్ ఉంటే ఆ ప్రశ్న మీదే క్లాసంతా నడిచేది.

మేడమ్ మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. గిరిజనుల చాప్టర్‌లో నీలగిరుల తోడాల్లో ఒకప్పుడు ఒకామెకి పలువురు భర్తలుండే ఆచారం, మేఘాలయ ఖాసీల్లో తల్లి వైపు నుంచి వచ్చే వారసత్వం, ఈ రెండే తిప్పి తిప్పి చెప్పారు. పరీక్షలో వచ్చేది అవే, నిజమే. కానీ శ్రీకాళహస్తి వైపు యానాదులు, మన చుట్టూ ఉన్న సుగాలీ తండాలు, ఎరుకలవాళ్ళు, వీళ్ళ గురించి ఒక్కో వాక్యం. ఎరుకలవాళ్ళని బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టారు. 1871 నాటి ఆ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి తెచ్చారు, అప్పటికి మన చిత్తూరు జిల్లా అందులోదే. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో గానీ రద్దు కాలేదు. ఒక సమూహానికి బయటివాళ్ళు పెట్టిన పేరు తరాల తరబడి ఎలా అంటుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? టీ కప్పు దగ్గర గంటన్నర ఆగిన మనిషి ఇక్కడ పది నిమిషాలు కూడా ఆగలేదు. అడిగాను కూడా. "టైమ్ లేదు నాయనా" అన్నారు. సిద్ధాంతాల జాబితా కోసేసి ఉంటే ఉండేది.

పెళ్ళి, బంధుత్వం క్లాసులు చకచకా సాగిపోయినా బాగున్నాయి. అందరిచేతా వంశవృక్షాలు గీయించారు, మగవాళ్ళకి త్రిభుజం, ఆడవాళ్ళకి సున్నా, పెళ్ళికి రెండు గీతలు. మేనరికాలున్న ఇళ్ళల్లో గీతలు రెండు తరాలకోసారి తిరిగొచ్చి కలుస్తుంటే, ఉత్తరాదిలో ఎందుకు అలా కలవవో మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే చేసిన నాలుగు ప్రాంతాల విభజనతో చెప్పారు. ఈ బొమ్మ గీయడం వస్తే బంధుత్వం మీద వచ్చే బిట్లలో తడబడరు.

మొత్తానికి ఐదుకి మూడున్నర స్టార్లు. మేడమ్‌కి నాలుగున్నర, మెటీరియల్‌కి సున్నా, హాలుకి ఒకటి. సగటు అడక్కండి, ఇది నా లెక్క. రెండు నెలల్లో పరీక్ష పెట్టుకుని బిట్లు నమలాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు, డబ్బులూ టైమూ దండగ. ఏడాది టైమ్ ఉండి, గ్రూప్-1 మెయిన్స్‌లో వ్యాసం రాయాల్సినవాళ్ళు చేరొచ్చు. యూజీసీ నెట్ సోషియాలజీ రాసేవాళ్ళకి సిద్ధాంతాలు చాలవు, విడిగా చదువుకోవాలి. పుస్తకానికి తెలుగు అకాడమీ డిగ్రీ సమాజశాస్త్రం తీసుకోండి, పాత పుస్తకాల షాపుల్లో వెతికితే సగం ధరకే దొరుకుతుంది. చేరేప్పుడు మెటీరియల్ వద్దని రసీదు మీదే రాయించుకోండి, లేకపోతే ఫీజులో కలిపేస్తారు. మొదటి ఆదివారం డెమో ఉచితం. అరగంట ముందుపోయి మొదటి మూడు వరుసల్లో కూర్చోండి, నాలుగో వరుస నుంచి ఆమె గొంతు వినపడదు.